జాతిహత్యాలక్షణవిచారము: లియో కూపరు పండితుని కృషి

శాస్త్రమున కెల్ల లక్షణమే మొదలు. లక్ష్యము లోకమున నున్నది. దానిని గుర్తించుటకు లక్షణము కావలయును. లక్షణము దుష్టమైనచో శాస్త్రము చెడును. ఆ చేటు సామాన్యముగా పండితగోష్ఠిని దాఁటి పోదు. కాని యొక శబ్దము విషయమున లక్షణదోషము లక్షలాది మనుష్యుల ప్రాణములతో ముడివడి యున్నది. అది పాశ్చాత్యులు "జెనొసైడ్" అని వ్యవహరించు శబ్దము. ఆ శబ్దమును, దాని లక్షణమును, ఆ లక్షణమందలి లోపమును తన జీవితమున నుత్తరభాగ మంతయు విచారించిన సంఘశాస్త్రజ్ఞుఁడు లియో కూపరు. దోషము గలదని తా నెఱిఁగిన లక్షణమునే యాతఁ డేల యంగీకరించెను? అంగీకరించి దాని నెట్లు సవరించెను? ఆ మార్గము సాధువా, కాదా? ఈ మూఁడు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

కూపరు 1908లో జన్మించెను. ఆతనిది లిథువేనియా మూలముగల యూదకుటుంబము, జన్మదేశము దక్షిణాఫ్రికా. జోహానెసుబర్గులోని విట్వాటర్సురాండు విశ్వవిద్యాలయమున చట్టములను జదివి న్యాయవాదియై, ఆఫ్రికను జనుల పక్షమున వాదించెను. 1940లో సైన్యమునఁ జేరి కెన్యా, ఈజిప్టు, ఇటలీ దేశములలో పనిచేసెను. ఆ యుద్ధకాలముననే, 1941 మొదలుకొని, జర్మనుల యాక్రమణమునకు లోనైన లిథువేనియాలో యూదులు నూటికి తొంబదిమందికి మించి చంపఁబడిరి. యుద్ధానంతరము కూపరు అమెరికాలోని ఉత్తర కారొలైనాలో సంఘశాస్త్ర మభ్యసించి, ఇంగ్లండులోని బర్మింగుహామున నధ్యాపకుఁడై, 1953లో నేటాలు విశ్వవిద్యాలయమున నాచార్యపదవి నంది డర్బను పట్టణమునకు వచ్చెను.

డర్బను తెలుఁగువారికి తెలియని పట్టణము కాదు. 1860లో చెన్నపట్టణమునుండి బయలుదేఱిన ట్రూరో యను ఓడలో కూలియొడంబడికపై వెళ్లిన భారతీయులు మొదట దిగినది యా రేవుననే. తరువాతి యోడలలో పోయిన తెలుఁగువారి సంతతి నేఁటికిని ఆ ప్రాంతమునఁ గలదు. దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ 1931లో వెలసినది. కూపరు భార్యయైన హిల్డా కూపరు మనుష్యజాతిశాస్త్రమున ప్రసిద్ధురాలు. నేటాలు భారతీయులను గూర్చి యామె వ్రాసిన గ్రంథము 1960లో వెలువడినది. కూపరో, మఱి యిద్దఱు సహకర్తలతోఁ గలసి, జాతులవారీగా నివాసస్థలములను విభజించు చట్టములు డర్బనుపై నెట్లు పనిచేయుచున్నవో 1958లో నొక గ్రంథమున నిరూపించెను. భిన్నజాతులు ఒకే యంగడిలో కొనుచు నమ్ముచు నుండియు, అధికారబలముచే వేఱుపఱుపఁబడి, పరస్పరము నెఱుఁగక బ్రదుకు విధము నాతఁడు కన్నులారఁ జూచినది యిక్కడ. తరువాతి కాలమున నాతఁడు విస్తరించిన "బహుజాతిసంఘ" సిద్ధాంతమునకు బీజ మిచ్చటనే పడినది.

1952లో దక్షిణాఫ్రికాలో అన్యాయశాసనములను ధిక్కరించు నుద్యమము జరిగెను. ఆఫ్రికనులును భారతీయులును గలసి నడపిన యా యుద్యమమున 8,000 మందికి మించి చెఱసాలలకుఁ బోయిరి. దానిని గూర్చిన కూపరు గ్రంథము 1957 నాఁటిది. దాని నామమున "సాత్వికప్రతిఘటనము" అని యర్థమిచ్చు నాంగ్లపదము గలదు. ఆ పదము చాలదని గాంధిమహాత్ముఁ డదే దేశమున "సత్యాగ్రహ" శబ్దమును గల్పించి యుండెను. ఉద్యమకర్త విడిచిన పేరును పరిశోధకుఁడు మరల గ్రంథముఖమున నిలుపుట కొఱఁతయే. నామవిషయమున నింతటి యుదాసీనత చూపినవాఁడే, తరువాత నొక్క నామముకొఱకు రెండు దశాబ్దములు శ్రమించుట గమనింపఁదగినది.

1961లో కూపరు స్వదేశమును విడిచి, లాస్ ఏంజెలెసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునఁ జేరెను. 1971లో ఆక్సుఫర్డువారు ప్రకటించిన దక్షిణాఫ్రికా చరిత్రయొక్క రెండవ సంపుటమునకు ఆఫ్రికనుల జాతీయోద్యమమును గూర్చిన ప్రకరణమును వ్రాసెను. ఆ దేశపు చట్టములకు వెఱచి, అచ్చట నమ్మఁదగిన ప్రతులలో ప్రకాశకు లా ప్రకరణమును తొలఁగించిరి. తొలఁగించి పుటలను ముందునకు జరుపలేదు. ఆ తావున తెల్లకాగితములనే కుట్టించిరి. ఇట్లు నిషేధము తానే తనకు సాక్ష్యము పలికినది. లోపమును కప్పివేయక, అది యున్న చోటు కనఁబడునట్లు నిలిపినచో లోపమే మాటలాడును. కూపరు లక్షణవిచారమునకును ఈ న్యాయ మన్వయించును.

ఇఁక శబ్దవిచారము. "జెనొసైడ్" అను పదమును గల్పించినవాఁడు రాఫేలు లెమ్కిను. ఇతఁడు పోలండుదేశపు యూదుఁడు, న్యాయవాది. 1944లో ప్రకటించిన గ్రంథమున దీనిని మొదట ప్రయోగించెను. "జెనొస్" అనునది వంశవాచకమైన గ్రీకుపదము; "సైడ్" అనునది వధార్థకమైన లాటినుధాతువునుండి పుట్టినది. రెండు భాషల పదములను గూర్చుటచే నిది మనవారు వైరిసమాస మనఁదగిన కూర్పు. లాక్షణికులు తప్పుపట్టవచ్చును, కాని పదములు పరస్పరము వైరులైనను అర్థము మాత్ర మవిభక్తముగా నిలిచినది. లోకము దానిని రెండేండ్లలో స్వీకరించెను. 1946 డిసెంబరు 11వ తేదిని ఐక్యరాజ్యసమితి, భారత, క్యూబా, పనామా రాజ్యముల ప్రేరణమున, ఇది సార్వరాష్ట్రీయధర్మమున నేరమని తీర్మానించెను. ఆ తీర్మానమున రాజకీయవర్గముల నాశనము సైతము నేరములోఁ జేర్పఁబడినది.

1948 డిసెంబరు 9వ తేదిని సమితి యామోదించిన యొడంబడికలో లక్షణము స్థిరపడెను. దాని భావ మిది: జాతీయ, వంశీయ, వర్ణభేదమూలక, మతసంబంధి వర్గములలో నొకదానిని, అది యా వర్గమగుటచేతనే, సమగ్రముగానో పాక్షికముగానో నాశము చేయవలె నను నుద్దేశముతోఁ జేయు నయిదువిధముల కృత్యములు జాతిహత్య యగును. చంపుట, దేహమునకుఁ గాని మనస్సునకుఁ గాని తీవ్రహాని కలిగించుట, బ్రదుకుట కలవిగాని స్థితిగతులను గల్పించుట, సంతానోత్పత్తి నడ్డుట, పిల్లలను బలాత్కారముగా పరవర్గమునకుఁ జేర్చుట యనునవి యా యయిదు. 1946 నాఁటి తీర్మానముతో దీనిని సరిపోల్చి చూచినవారికి లోపము వెంటనే కనఁబడును. రాజకీయవర్గము లిందు లేవు. చర్చలలో నొకప్పు డవి చేర్పఁబడి, తుదకుఁ దొలఁగింపఁబడినవి. సోవియట్ ప్రభుత్వము వానిని గట్టిగా నెదిర్చినది. మఱికొన్ని రాజ్యములును దానితోఁ గలిసినవి.

ఇది తార్కికులు చెప్పు అవ్యాప్తిదోషమునకు తార్కాణము. లక్ష్యములోఁ గొంతభాగమును లక్షణము తాఁకకుండుట యవ్యాప్తి. గోవునకు కపిలవర్ణము లక్షణ మనినచో తెల్లయావు గోవు గాక పోవును. అట్లే, మతముకొఱకుఁ జంపఁబడినవాఁడు జాతిహత్యకు గుఱియైనవాఁ డగును. పక్షముకొఱకు సకుటుంబముగాఁ జంపఁబడినవాఁడు కాఁడు. హంతకుఁడు తా నెవనిని జంపెనో దానికి పేరు మార్చుకొన్నచో నేరమునకును పేరు మాఱును. ఈ ప్రమాదమును కూపరు 1981లో వెలువడిన తన ప్రధానగ్రంథమున విశదముగాఁ జూపెను. "జెనొసైడ్" అనునదే దాని నామము. ఇరువదవ శతాబ్దమున దానికిఁ గలిగిన రాజకీయవినియోగమని యుపనామము.

అయినను కూపరు క్రొత్తలక్షణమును రచింపలేదు. రాజ్యములచే నంగీకరింపఁబడిన లక్షణ మొకటి యుండఁగా దానిని ద్రోసి స్వకపోలకల్పిత మొకటి నిలుపుట ప్రయోజనకరము కాదని యాతని మతము. ఈ పద్ధతి వ్యాకరణము చదివినవారికి క్రొత్త కాదు. కాత్యాయనుఁడు పాణినిసూత్రములను మార్చి వ్రాయలేదు. చెప్పఁబడినదానిని, చెప్పక విడువఁబడినదానిని, సరిగాఁ జెప్పఁబడనిదానిని విచారించి వార్తికములను జేర్చెను. సూత్రము సూత్రముగానే నిలిచెను. దాని లోపము వార్తికముచేఁ బూరింపఁబడెను. కూపరు చేసినదియు నిట్టిదే. లక్షణమునకు లోఁబడని మూఁకుమ్మడి రాజకీయవధలను గ్రంథమున వేఱొకచోట, సజాతీయఘోరములుగాఁ జర్చించెను. ఒక వర్గములో నొక గ్రామమువారినో, ఒక పేటవారినో తుడిచిపెట్టు చిన్నమేర వధలకు "జాతిహత్యాత్మకసంహార" మని యర్థమిచ్చు నొక సంజ్ఞను గల్పించెను. ఇట్లు సూత్రమునకు వెలుపల నున్నవారును లెక్కలోనికి వచ్చిరి.

ఈ సంయమనమునకు గొప్పనిదర్శన మొకటి గలదు. దక్షిణాఫ్రికాలోని జాతివివక్షాప్రభుత్వమునకు కూపరు బద్ధవిరోధి. ఆ ప్రభుత్వముక్రింద పనిచేయఁజాలక దేశము విడిచినవాఁడు. వ్రాసిన ప్రకరణము తెల్లకాగిత మగుటను జూచినవాఁడు. అయినను 1981 నాఁటి గ్రంథమున నా దేశమును జాతిహత్యకుఁ బాల్పడనివానిలోఁ జేర్చి, ఎందువలన నట్లయ్యెనో విచారించెను. ద్వేషము లక్షణమును సాగదీయుటకుఁ గారణము కాలేదు. అతివ్యాప్తిని సహింపనివాఁడే అవ్యాప్తిని విమర్శించుట కర్హుఁడు.

కూపరు పద్ధతిని కాదన్న పండితులు లేకపోలేదు. ఫ్రాంకు చాకు, కుర్టు జోనాసను లనువారు 1990లో వధ్యవర్గమును హంతకుఁడే నిర్వచించు నని క్రొత్తలక్షణమును జెప్పిరి. ఇది రాజకీయవర్గములకును వర్తించును. హెలెను ఫైను, ఈమెయు యూదవంశీయురాలైన సంఘశాస్త్రజ్ఞురాలే, సముదాయము నేదియైనను దేహముతో నాశము చేయుటకు బుద్ధిపూర్వకముగా నెడతెగక చేయు చర్యయే జాతిహత్య యని విస్తరించి చెప్పెను. బార్బరా హార్ఫు మొదలగువారు రాజకీయవధకు వేఱొక సంజ్ఞను నిలిపిరి. తర్కదృష్టిచే నీ లక్షణములు కూపరు స్వీకరించినదానికంటె నిర్దుష్టములే యనవచ్చును. కాని శాస్త్రములోని లక్షణమునకును, వ్యవహారములోని లక్షణమునకును భేద మున్నది. మొదటిది యెఱుకకొఱకు; రెండవది శిక్షకొఱకు, రక్షణకొఱకు. పండితుఁ డెంత చక్కని లక్షణము చెప్పినను, దానికి సంతకము చేసిన రాజ్యము లేనిచో, దానినిబట్టి యే రాజ్యమును నిలదీయుటకు వీలు లేదు. కూపరు న్యాయవాదిగా జీవితము నారంభించినవాఁడు. ఒప్పుకొన్నవానిమాటతోనే వానిని గట్టవలె నని యెఱిఁగినవాఁడు. ఆతని యంగీకారమునకుఁ గారణ మిది, భీరుత్వము కాదు.

కూపరు గ్రంథమున నన్నిటికంటె గాఢమైన వాదము కర్తను గూర్చినది. పాణిని కర్తను స్వతంత్రునిగా నిర్వచించెను. తక్కిన కారకము లతనికి లోఁబడినవి. జాతిహత్య యను క్రియకుఁ గర్త యెవఁడు? కత్తి పట్టినవాఁడు కరణప్రాయుఁడు. స్వతంత్రుఁడైన కర్త సార్వభౌమాధికారము గల రాజ్యమే. తన యెల్లలలోని ప్రజలను నాశము చేయుటయు సార్వభౌమత్వమున నొకభాగమే యన్నట్లు రాజ్యములు ప్రవర్తించుచున్నవనియు, ఐక్యరాజ్యసమితి యాచరణమున నా హక్కునే కాపాడుచున్నదనియు కూపరు నిష్కర్షగాఁ జెప్పెను. 1948 నాఁటి యొడంబడిక నేరస్థులను నేరము జరిగిన దేశపు న్యాయస్థానమున గాని, రాజ్యము లంగీకరించు సార్వరాష్ట్రీయన్యాయస్థానమున గాని విచారింపవలె నన్నది. రెండవది యర్ధశతాబ్దము దాఁక ఏర్పడలేదు. మొదటిదానియం దేమి జరుగును? కర్తయే న్యాయాధిపతి యగును. స్వతంత్రుఁడు తనకుఁ దానే దండము విధించుకొనునా?

ఈ వాదమున కుదాహరణములు కూపరునకుఁ గొఱవడలేదు. 1971లో తూర్పుబంగాళమున జరిగిన వధల కోర్వలేక సుమా రొక కోటిమంది భారతదేశమునకు తరలివచ్చిరి. ఆ మారణకాండను మాన్పుటకు సమితి పూనుకొనలేదు. 1972లో బురుండిలో హుటూ జనులు లక్షకు మించి వధింపఁబడిరి. అందును చదువుకొన్నవారిని వెదకి వెదకి చంపిరి. కంబోడియాలో 1975 మొదలు 1979 వఱకు 15 లక్షలకును 20 లక్షలకును నడుమ జనము నశించిరి. అందుకుఁ గారణమైన ప్రభుత్వము పదచ్యుతమైన పిమ్మటను సమితిలో దాని ప్రతినిధులకే పీఠము దక్కినది.

ఆతని సిద్ధాంతమున బలహీనస్థలము లేకపోలేదు. బహుజాతిసంఘమే జాతిహత్యకుఁ దగిన భూమి యని యాతఁడు నొక్కి చెప్పెను. అన్వయవ్యతిరేకములచే దీనిని బరీక్షింపవలెను. భిన్నజాతు లుండియు వధ లేని దేశములు పెక్కు. దీనిని కూపరును ఒప్పుకొనెను. కంబోడియాలో హతులలో నధికులు హంతకుల జాతివారే. కాఁబట్టి బహుజాతిత్వము సహకారికారణ మగునేమో కాని నియతకారణము కాదు. కర్తృవిచారమే యిందుకంటె దృఢమైనది. సర్వోదాహరణములయందును ప్రభుత్వబలము కనఁబడుచునే యున్నది.

కూపరు 1994లో పరమపదించెను. ఆ సంవత్సరమే ర్వాండాలో ఏప్రిలు మొదలు జూలై వఱకు సుమారు 8 లక్షలమంది, ముఖ్యముగా టుట్సీలు, చంపఁబడిరి. ఆ దినములలో అమెరికా ప్రభుత్వప్రతినిధులు "జాతిహత్య" యను మాటను దప్పించి, "జాతిహత్యకృత్యములు" జరిగినవని మాత్రమే చెప్పఁజూచిరి. ఒక సమాసమును దప్పించుటకై మఱింత దీర్ఘమైన సమాసమును వెదకుకొనిరి. పేరులో బల మేమియు లేదనువారి కిదియే సమాధానము. బలము లేనిచో రాజ్యములు దానికి వెఱచి యేల తొలఁగును? ఒప్పుకొన్న లక్షణ మొకటి యుండుటచేతనే యా వెఱపు. 1998 సెప్టెంబరు 2వ తేదిని ర్వాండాకై యేర్పడిన సార్వరాష్ట్రీయన్యాయస్థానము, 1948 నాఁటి లక్షణమునే ప్రమాణముగాఁ గొని, యొక పురాధ్యక్షుని దోషిగా నిర్ణయించెను. సార్వరాష్ట్రీయన్యాయస్థానము విచారణ జరిపి జాతిహత్యాదోషమును నిర్ణయించిన మొదటి తీర్పు అది. కూపరు స్వీకారమార్గము దీనిచే సమర్థింపఁబడినది.

ఆతని విమర్శయు నంతే సమర్థింపఁబడినది. 2018లో కంబోడియా న్యాయస్థానము వియత్నామీయుల వధవిషయమునను, చాం ముసల్మానుల వధవిషయమునను జాతిహత్యానేరమును స్థాపించెను. కాని వారికంటె నెన్నో రెట్లధికముగా మడిసిన ఖ్మేరు జనుల మరణములు మానవతావిరుద్ధనేరములుగానే లెక్కింపఁబడినవి. ఒకే ప్రభుత్వము, ఒకే కాలము, ఒకే మృత్యువు; నామములు రెండు. 1948లో సూత్రమునుండి తొలఁగింపఁబడిన పదము డెబ్బదియేండ్ల పిమ్మటను తీర్పులో తెల్లకాగితమువలెఁ గనఁబడుచున్నది.

తెలుఁగున నీ శబ్దమున కేమి పేరు? పత్రికలలో "నరమేధము", "మారణహోమము" అను మాటలు వాడుకలో నున్నవి. ఇవి యజ్ఞపరిభాషనుండి వచ్చినవి. యజ్ఞమునకు దేవత గలదు, ఫలము గలదు, యజమానుఁడు పుణ్యాత్ముఁడు. వధకు యజ్ఞనామము పెట్టుట హంతకునకు యజమానత్వ మిచ్చుట. యూరపులో యూదుల వధకు రూఢమైన "హోలొకాస్ట్" అను గ్రీకుమూలపదమునకును సర్వాహుతి యనియే యర్థము. అందువలననే పెక్కురు యూదులు విపత్తను నర్థముగల "షోవా" యను హీబ్రూపదమును గోరుదురు. "ఊచకోత" యనునది సంఖ్యను జెప్పును గాని యుద్దేశమును జెప్పదు. "జాతిహత్య" యనునదే మేలు. "జాతి" యనఁగానే కులభ్రాంతి కలుగు నను నాక్షేప మున్నది; మతవర్గములకు వర్తింపదను నాక్షేపమును గలదు. వివరణముచే నివి పరిహార్యములు.

ఈ పదము మేలగుటకు వ్యాకరణహేతు వొకటి యున్నది. హన్ ధాతువునుండి హత్యారూపము ఉపపద మున్నప్పుడే సిద్ధించును: బ్రహ్మహత్య, భ్రూణహత్య, గోహత్య. ఉపపదము లేని కేవలహత్యాశబ్దము సూత్రమునకు లొంగదు. లోకవ్యవహారమున నేఁ డది స్వతంత్రముగా వాడఁబడుచున్నను, శబ్దమునకు మూలమర్యాద యిది: హతుఁ డెవఁడో చెప్పక హత్యను జెప్పరాదు. కూపరు జీవితకాలపు వాదమును నిదియే. "అల్లరులు", "అంతఃకలహము", "అంతరంగికవ్యవహారము" అను మాటలలో హతులకుఁ దావు లేదు. జాతిహత్య యనినపుడు హతవర్గము ముందుగాఁ బలుకఁబడును, పిదప క్రియ, అటుపైఁ గర్త యెవఁడను ప్రశ్న తప్పదు.

1985లో నివారణోపాయములను గూర్చి వేఱొక గ్రంథము వ్రాయుటయే గాక, కలహములు వధలుగాఁ బరిణమింపకమునుపే హెచ్చరించుటకై వెలసిన "ఇంటర్నేషనల్ అలర్ట్" సంస్థ స్థాపకులలో కూపరు నొకఁ డయ్యెను. లక్షణము సాధించి యూరకుండిన పండితుఁడు కాఁడు. కాత్యాయనునివలె సూత్రమును నిలిపి లోపమును జూపెను. ఆ లోపమును బూరింపవలసిన యధికారము రాజ్యములది. అవి యింకను బూరింపలేదు. అంతవఱకు కూపరు వార్తికము సూత్రముతోఁ గలిపియే చదువఁదగును.